గుండె దడ ఆగినా గండం ఆగదు: కర్ణికా కంపనంలోని రకాలు

ఆయుర్వేద శాస్త్రం మానవ శరీరంలో 107 మర్మస్థానాలను పేర్కొని, వాటిలో మూడింటిని అత్యంత ముఖ్యమైనవిగా ఎంచింది. అవి హృదయం, శిరస్సు, వస్తి. ఈ మూడింటిని ప్రాణాలకు ఆటపట్టులుగా భావించి కంటికి రెప్పవలె కాపాడుకోవాలని ప్రాచీన వైద్యులు హెచ్చరించారు. ఒక మర్మంలో పుట్టిన వ్యాధి మరొక మర్మాన్ని దెబ్బతీయడానికి చక్కని ఉదాహరణ ఏదంటే, నేటి వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని పిలిచే రుగ్మతను చెప్పుకోవచ్చు. తెలుగులో దీనిని కర్ణికా కంపనం అనుకుందాం. ఇది పుట్టేది హృదయంలో. కానీ దీనివల్ల కలిగే పెద్ద ఆపద పక్షవాతం రూపంలో శిరస్సుకు తగులుతుంది.

ఈ రుగ్మతలో అనేక రకాలున్నాయి. వైద్యుని చీటీ మీద ఆ పేర్లు చూసి, కొందరు అనవసరంగా బెంబేలు పడతారు; మరికొందరు అనవసరంగా ధైర్యం తెచ్చుకుంటారు. ఈ రెండవ పొరపాటే ఎక్కువ ప్రమాదకరమైనది. అందుచేత ఆ రకాలు ఏమిటో, ఆ పేర్లు మనకు ఏమి చెబుతాయో, ఏమి చెప్పవో ఈ వ్యాసంలో వివరంగా తెలుసుకుందాం.

నాడి చెప్పే తొలి మాట

మన వైద్యంలో నాడీ పరీక్షకు పెద్ద పీట వేశారు. వాతనాడి పామువలె, జలగవలె మెలికలు తిరుగుతూ నడుస్తుందనీ, పిత్తనాడి కప్పవలె గెంతుతుందనీ, కఫనాడి హంసవలె మెల్లగా సాగుతుందనీ శార్ఙ్గధరుడు వర్ణించాడు. ఆగి ఆగి నడిచే నాడిని ఆయన ప్రమాద సూచకంగా లెక్కించాడు. తెలుగునాట వైద్యులు తరతరాలుగా ఆదరించిన బసవరాజీయం కూడా తన తొలి ప్రకరణంలోనే నాడీ పరీక్షను వివరిస్తుంది. క్రమం తప్పిన నాడిని తేలికగా తీసుకోరాదన్న హెచ్చరిక మనకు కొత్తది కాదని దీనివల్ల తెలుస్తున్నది.

అయితే నాడి ఎందుకు క్రమం తప్పుతుందో చూపగలిగిన సాధనం 20వ శతాబ్దపు ఆరంభంలో గాని రాలేదు. హృదయంలోని విద్యుత్ తరంగాలను కాగితం మీద గీసి చూపే ఇ.సి.జి. యంత్రం వచ్చిన తరువాత, 1909లో లండనుకు చెందిన థామస్ లూయిస్ అనే వైద్యుడు ఈ క్రమం తప్పిన నాడికి కారణం గుండె పైగదుల కంపనమేనని నిరూపించాడు. ఇది అరుదైన వింత వ్యాధి కాదనీ, తరచుగా కనిపించేదేననీ కూడా ఆయనే చాటిచెప్పాడు.

గుండెలో జరిగేది ఏమిటి?

గుండెకు నాలుగు గదులు. పైన ఉండే రెండింటిని కర్ణికలు అనీ, క్రింద ఉండే రెండింటిని జఠరికలు అనీ అంటారు. కుడి కర్ణికలో ఉన్న ఒక చిన్న కణసముదాయం నిమిషానికి 60 నుండి 100 సార్లు విద్యుత్ ప్రేరణను పుట్టిస్తుంది. ఆ ప్రేరణతో ముందు కర్ణికలు, వెంటనే జఠరికలు ముడుచుకుంటాయి. తాళం తప్పని భజన వలె ఇది జీవితాంతం సాగవలసిన క్రమం.

కర్ణికా కంపనంలో ఈ క్రమం చెదిరిపోతుంది. కర్ణికల గోడలలో నిమిషానికి 350 నుండి 600 వరకు అస్తవ్యస్తమైన ప్రేరణలు పుడతాయి. ఫలితంగా కర్ణికలు ముడుచుకోవడం మాని, గాలికి రావి ఆకులు వణికినట్లు వణుకుతూ ఉంటాయి. ఈ ప్రేరణలన్నీ క్రిందికి దిగితే ప్రాణమే నిలవదు. రెండు అంతస్తుల నడుమ ఉన్న ఒక ద్వారం చాలావాటిని అడ్డగిస్తుంది. తప్పించుకుని దిగినవి మాత్రం ఒక లెక్క లేకుండా జఠరికలను కదిలిస్తాయి. అందుకే నాడి వేగంగానూ, వరుస లేకుండానూ కొట్టుకుంటుంది.

రోగికి గుండె దడ, ఆయాసం, నీరసం, తల తిరగడం, ఛాతీలో బరువు వంటివి కనిపించవచ్చు. ఏమీ తెలియకుండా ఉండేవారు కూడా చాలామంది ఉన్నారు. వారికి ఏ మధుమేహ పరీక్షకో, కంటి శస్త్రచికిత్సకో వెళ్ళినపుడు తీసిన ఇ.సి.జి.లో మొదటిసారిగా ఇది బయటపడుతుంది.

కర్ణికలు సరిగా ముడుచుకోనందువలన అక్కడ రక్తం కదలిక మందగిస్తుంది. ముఖ్యంగా ఎడమ కర్ణికకు అంటుకుని చెవి ఆకారంలో ఒక చిన్న సంచి ఉంటుంది. నిలువ నీటిలో నాచు పట్టినట్లు ఆ సంచిలో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊడి రక్తప్రవాహంలో మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది.

కాలాన్ని బట్టి పెట్టిన పేర్లు

ఈ రుగ్మతకు వైద్యులు పెట్టిన పేర్లు చాలావరకు అది ఎంతకాలం నిలిచింది అన్న దానిని బట్టి ఏర్పడినవే. వాటిని వరుసగా చూద్దాం.

1. మొదటిసారి కనుగొన్నది: అంతకు మునుపు ఇ.సి.జి.లో ఎన్నడూ కనిపించక, ఇప్పుడే కనిపించినది. ఇది నిన్న మొదలైనది కావచ్చు. రోగికి తెలియకుండా రెండేళ్ళుగా ఉన్నదీ కావచ్చు.

2. వచ్చిపోయేది: చీటీ మీద పెరాక్సిస్మల్ అని వ్రాస్తారు. ఇది హఠాత్తుగా మొదలై, 7 రోజులలోపు క్రమంలోకి వస్తుంది. చాలామందిలో 24 నుండి 48 గంటలలోపు తనంత తానే ఆగిపోతుంది. తిరిగి వారానికో, ఆరు నెలలకో రావచ్చు.

3. నిలిచియుండేది: దీనిని పర్‌సిస్టెంట్ అంటారు. 7 రోజులు దాటినా ఆగనిది. దీనిని క్రమంలోకి తేవాలంటే సాధారణంగా మందులో, విద్యుత్ చికిత్సో అవసరమవుతుంది.

4. దీర్ఘకాలం నిలిచియుండేది: 12 నెలలకు మించి ఎడతెగకుండా సాగుతున్నప్పటికీ, క్రమంలోకి తెచ్చే ప్రయత్నం ఇంకా చేయదలచుకున్నది.

5. శాశ్వతమైనది: పర్మనెంట్ అని వ్రాస్తారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఈ పేరు వ్యాధి తీవ్రతను చెప్పదు. ఇక క్రమంలోకి తెచ్చే ప్రయత్నం మానుకుని, వేగాన్ని అదుపులో ఉంచుకుంటూ జీవించుదామని రోగి, వైద్యుడు కలిసి తీసుకున్న నిర్ణయానికి అది పేరు. శాశ్వతం అన్న మాట చూసి ఆయువు తీరినట్లు భావించనవసరం లేదు. తగిన మందులతో ఏళ్ళ తరబడి తమ పనులు తాము చేసుకుంటున్నవారు ఎందరో ఉన్నారు.

ఇవి ఐదు వేర్వేరు వ్యాధులు కావు. ఒకే వ్యాధి నడిచే దారిలోని మజిలీలు. 1995లో హాలండుకు చెందిన పరిశోధకులు మేకల గుండెలలో కృత్రిమంగా ఈ కంపనాన్ని కలిగిస్తూ పోయారు. మొదట క్షణాలలో ఆగిపోయిన కంపనం, కొన్ని రోజులు గడిచేసరికి ఆగకుండా నిలిచిపోవడం వారు గమనించారు. అనగా కంపనమే కంపనానికి బాట వేస్తుంది. వచ్చిపోయే రకం అశ్రద్ధ చేస్తే కాలక్రమంలో నిలిచియుండే రకంగా మారే అవకాశం ఉన్నది.

కషాయానికి దక్కే కీర్తి

ఇప్పుడు మన ఇండ్లలో జరిగే ఒక పొరపాటును చూద్దాం. ప్రొద్దుటూరులో బట్టల అంగడి నడిపే 62 ఏళ్ళ పెద్దమనిషి ఒకరు ఉన్నారనుకుందాం. ఆయనకు రక్తపోటు, మధుమేహం ఉన్నాయి. ఒకనాటి రాత్రి గుండె దడదడ కొట్టుకుని చెమటలు పట్టాయి. ఇంట్లో అవ్వ ధనియాలు, శొంఠి వేసి కషాయం కాచి ఇచ్చింది. తెల్లవారేసరికి దడ తగ్గింది. రెండు నెలలకు మళ్ళీ వచ్చింది. మళ్ళీ కషాయం, మళ్ళీ ఉపశమనం. ఇక ఆ కషాయమే తమ ఇంటి దివ్యౌషధమని అందరికీ నమ్మకం కుదిరింది.

ఇక్కడ కషాయం చేసిన కీడేమీ లేదు. కానీ చేసిన మేలు కూడా మనమనుకున్నది కాదు. వచ్చిపోయే రకం కర్ణికా కంపనం తనంత తానే ఆగిపోవడం దాని స్వభావం. ఆ రాత్రి కషాయం త్రాగినా, మజ్జిగ త్రాగినా, ఏమీ త్రాగకుండా పడుకున్నా చాలామందిలో తెల్లవారేసరికి అది తగ్గే ఉండేది. తానే పోయేదానిని మనం పోగొట్టామని భ్రమపడినందువలన, ఇ.సి.జి. తీయించుకునే అవకాశం చేజారిపోయింది. దడ ఆగింది గనుక వైద్యుని వద్దకు వెళ్ళలేదు. వెళ్ళలేదు గనుక గడ్డకట్టడాన్ని నివారించే మందు మొదలు కాలేదు. మూడవసారో, నాలుగవసారో దడకు బదులు మూతి వంకర పోయి, చేయి పడిపోయిన తరువాత గాని విషయం బయటపడదు.

అందుచేత పాఠకులు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన సంగతి ఇది: దడ అనేది లక్షణం మాత్రమే. అది తగ్గడం రోగం తగ్గడం కాదు, గండం గడిచినట్లూ కాదు.

రకం వేరు, గండం వేరు

కర్ణికా కంపనం ఉన్నవారికి పక్షవాతం వచ్చే అవకాశం అది లేనివారికన్నా దాదాపు 5 రెట్లు ఎక్కువని అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణ ప్రజల మీద దీర్ఘకాలం సాగిన అధ్యయనం 1978లో వెల్లడించింది. ఈ ప్రమాదం ఎవరికి ఎంత అన్నది నిర్ణయించడానికి వైద్యులు ఒక లెక్క వేస్తారు. గుండె బలహీనత, అధిక రక్తపోటు, మధుమేహం, రక్తనాళాల వ్యాధి ఉంటే ఒక్కొక్క దానికి ఒక అంకె. 65 ఏళ్ళు దాటితే ఒకటి, 75 దాటితే రెండు. ఇదివరకే పక్షవాతం వచ్చి ఉంటే రెండు. మొత్తం రెండు లేదా అంతకు మించినపుడు గడ్డకట్టడాన్ని నివారించే మందు సాధారణంగా అవసరమని భావిస్తారు.

ఈ లెక్కను పరిశీలించినవారికి ఒక సంగతి తోస్తుంది. కంపనం వచ్చిపోయేదా, నిలిచియుండేదా, శాశ్వతమైనదా అన్న ప్రశ్నకు ఇందులో అంకె కేటాయించనే లేదు. నిలిచియున్న రకంలో ప్రమాదం కొంత ఎక్కువన్న మాట నిజమే. కానీ వచ్చిపోయే రకంలో మందు మానివేయగలిగినంత తక్కువ మాత్రం కాదు. పైన మనం చెప్పుకున్న ప్రొద్దుటూరు పెద్దమనిషికి ఏడాదిలో నాలుగు రాత్రులే దడ వచ్చినా, రక్తపోటుకు ఒకటి, మధుమేహానికి ఒకటి చొప్పున లెక్క రెండుకు చేరింది. ఆయనకు మందు కావాలా వద్దా అన్నది నిర్ణయించేది ఆ రెండు అంకెలే గాని, ఆ నాలుగు రాత్రులు కావు.

రకం పేరు చికిత్సకు దారి చూపుతుంది. గండం ఎంతటిదో రోగి శరీరస్థితి చెబుతుంది. ఈ తేడా గ్రహిస్తే సగం వైద్యం తెలిసినట్లే.

కవాట దోషంతో వచ్చే రకం

కాలంతో సంబంధం లేకుండా, కారణాన్ని బట్టి వేరుగా చూడవలసిన రకం ఒకటి ఉన్నది. పాశ్చాత్య దేశాలలో కర్ణికా కంపనం ఎక్కువగా వృద్ధులలో కనిపిస్తుంది. మన దేశంలో మాత్రం కవాటాలు చెడిన నడివయసువారిలో, యువతీ యువకులలో కూడా ఇది గణనీయంగా కనిపిస్తుంది. భారత హృదయ లయ వైద్యుల సంఘం 1,537 మంది రోగుల వివరాలు సేకరించగా, వారి సగటు వయస్సు సుమారు 55 సంవత్సరాలేననీ, దాదాపు సగం మందిలో కీళ్ళవాత జ్వరం వలన చెడిన కవాటాలు ఉన్నాయనీ తేలింది.

దీని కథ బాల్యంలో మొదలవుతుంది. 5 నుండి 15 ఏళ్ళ పిల్లలకు ఒక విధమైన సూక్ష్మజీవి వలన గొంతునొప్పి, జ్వరం వస్తాయి. సరైన చికిత్స జరగకపోతే, కొందరిలో రెండు మూడు వారాల తరువాత కీళ్ళు ఒకదాని తరువాత ఒకటి వాచి నొప్పి పెడతాయి. కీళ్ళ వాపు నిలవకుండా పోతుంది; గుండె కవాటాల మీద పడిన దెబ్బ మాత్రం మిగిలిపోతుంది. ఇరుకైన ఇండ్లలో ఎక్కువమంది కలిసి నివసించేచోట, వైద్యం ఆలస్యంగా అందేచోట ఈ వ్యాధి ఎక్కువ. పనుల కోసం వలస తిరిగే కరువు ప్రాంతపు కుటుంబాలలో పిల్లల గొంతునొప్పిని పట్టించుకునే తీరిక ఎవరికి ఉంటుంది?

ఆదోని ప్రాంతంలో 28 ఏళ్ళ గర్భిణి ఒకామె ఉన్నదనుకుందాం. ఐదవ నెల దాటిన తరువాత ఆయాసం, దడ మొదలయ్యాయి. నీళ్ళు పట్టిన ఒళ్ళు గనుక అలాగే ఉంటుందని ఇంటివారు సరిపెట్టుకున్నారు. పరీక్షించగా ఎడమ కర్ణికకు, జఠరికకు నడుమ ఉండే మిట్రల్ కవాటం సన్నబడి ఉన్నదనీ, కర్ణిక ఉబ్బి కంపిస్తున్నదనీ తెలిసింది. చిన్ననాటి గొంతునొప్పి పాతికేళ్ళ వయసు దాటాక ఇలా బయటపడుతుంది.

ఇటువంటివారిలో పక్షవాతం ముప్పు సాధారణ ప్రజలకన్నా 17 రెట్లు ఎక్కువని పైన చెప్పిన ఫ్రామింగ్‌హామ్ అధ్యయనమే తెలిపింది. కనుక వీరికి అంకెల లెక్కతో పని లేదు. కవాటం ఒక మోస్తరుకు మించి సన్నబడితే, కంపనం ఒక్కసారి కనిపించినా మందు తప్పనిసరి. ఏ మందు అన్నది కూడా ముఖ్యమే. ఈ మధ్యకాలంలో వచ్చిన కొత్త మందులు తక్కిన రోగులకు సౌకర్యంగా ఉంటాయి. వాటికి తరచుగా రక్తపరీక్ష అక్కరలేదు. కానీ 24 దేశాలలో సుమారు 4,500 మంది కీళ్ళవాత హృద్రోగులపై జరిగి, 2022లో ప్రకటితమైన పరిశోధనలో, కొత్త మందులలో ఒకటైన రివరాక్సబాన్‌కన్నా పాత మందుల వర్గానికి చెందిన వార్ఫరిన్ వంటివే ప్రాణాలను ఎక్కువగా కాపాడాయని తేలింది. లోహపు కవాటం అమర్చినవారికి కూడా కొత్త మందులు పనికిరావు. పొరుగింటివారు రక్తపరీక్ష అవసరం లేని మాత్ర వాడుతున్నారని చూసి తమ మందు మార్చుకోవడం వీరికి ప్రాణాంతకం. గర్భం ధరించదలచినవారు, ధరించినవారు వార్ఫరిన్ విషయాన్ని ఆలస్యం చేయక వైద్యునితో చర్చించాలి. అది శిశువుకు హాని చేయవచ్చు.

రకాన్ని బట్టి చికిత్స

చికిత్సకు మూడు అంగాలున్నాయి. మొదటిది గడ్డకట్టడాన్ని నివారించడం. దీనిని గురించి పైన చెప్పుకున్నాం. ఈ పనికి ఆస్పిరిన్ చాలదని నేడు స్థిరపడినది.

రెండవది నాడి వేగాన్ని అదుపు చేయడం. మెటోప్రొలాల్ వంటి మందులు, డిగాక్సిన్ ఇందుకు ఉపయోగిస్తాయి. శాశ్వత రకంలో ఇదే ప్రధాన చికిత్స.

మూడవది క్రమాన్ని తిరిగి నెలకొల్పడం. వచ్చిపోయే రకంలోనూ, నిలిచియుండే రకం తొలి దశలోనూ ఇది ఫలించే అవకాశం ఎక్కువ. మందులతో గాని, మత్తు ఇచ్చి చేసే విద్యుత్ చికిత్సతో గాని దీనిని సాధిస్తారు. కంపనం మొదలై ఒకటి రెండు రోజులు దాటితే, అప్పటికే గడ్డ ఏర్పడి ఉండవచ్చు గనుక, మూడు వారాలు నివారణ మందు వాడిన తరువాత గాని, లోపల గడ్డ లేదని ప్రత్యేక పరీక్షతో చూసుకున్న తరువాత గాని విద్యుత్ చికిత్స చేస్తారు. దడ ఎప్పుడు మొదలైందో రోగి సరిగా చెప్పగలగడం ఎంత అవసరమో దీనిని బట్టి గ్రహించవచ్చు. అస్తవ్యస్త ప్రేరణలు చాలావరకు ఊపిరితిత్తుల నుండి వచ్చే సిరల మొదళ్ళలో పుడతాయని 1998లో ఫ్రెంచి వైద్యులు కనుగొన్నారు. అప్పటినుండి సన్నని తీగను గుండెలోకి పంపి ఆ చోట్లను చుట్టి వేరుచేసే అబ్లేషన్ చికిత్స విస్తరించింది. రోగం బయటపడిన ఏడాదిలోపే క్రమాన్ని నెలకొల్పే ప్రయత్నం చేసినవారిలో పక్షవాతం మొదలైన ఆపదలు తగ్గినట్లు 2020లో ప్రకటితమైన ఒక ఐరోపా పరిశోధన తెలిపింది. కాలం గడిచేకొద్దీ ఈ అవకాశం సన్నగిల్లుతుంది.

మన ప్రాంతంలో ఈ వైద్యానికి దారులు లేకపోలేదు. 1957లో కర్నూలు వైద్య కళాశాల, 2006లో కడపలో రిమ్స్ ఏర్పడ్డాయి. పుట్టపర్తిలో 1991లో ప్రారంభమైన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య సంస్థలో గుండె చికిత్సలు ఉచితంగా జరుగుతున్నాయి. తిరుపతిలో 1993లో స్విమ్స్ ప్రారంభమైంది. 2007లో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలై, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకంలో గుండె శస్త్రచికిత్సలు కూడా చేరి ఉన్నాయి.

వంటింటి వైద్యం ఎంతవరకు?

ఈ పత్రిక చదివేవారికి సహజంగా కలిగే ప్రశ్న ఇది. దాపరికం లేకుండా చెప్పుకుందాం.

తెల్లమద్ది: హృద్రోగంలో తెల్లమద్ది పట్టను పాలలో కాచి ఇవ్వడం చక్రదత్తం వంటి గ్రంథాలలో చెప్పబడినది. నల్లమల, శేషాచలం అడవులకు దాపున ఉన్న మనకు ఇది పరిచితమైన చెట్టే. గుండెపోటు నొప్పి, గుండె బలహీనత విషయంలో దీనిపై కొన్ని చిన్న పరిశోధనలు జరిగాయి. కానీ ఇది కర్ణికా కంపనాన్ని ఆపుతుందనీ, గడ్డకట్టడాన్ని నివారిస్తుందనీ నిరూపణ కాలేదు. వాడదలచినవారు తమ గుండె వైద్యునికి చెప్పి వాడాలి. వార్ఫరిన్‌కు బదులుగా ఎంతమాత్రం వాడరాదు.

గన్నేరు, నాభి: ఎర్రగన్నేరు, పచ్చగన్నేరు రెండూ గుండె మీద డిగాక్సిన్ వలె పనిచేసే విషాన్ని కలిగినవి. శుద్ధి సరిగా జరగని నాభి గుండె లయను చెడగొడుతుంది. ఎవరో ఇచ్చిన పేరులేని మాత్రలు, పసర్లు ఈ రోగులు ముట్టుకోరాదు.

అతిమధురం, సునాముఖి: దగ్గుకు అతిమధురం, మలబద్ధకానికి సునాముఖి మన ఇండ్లలో మామూలే. రోజుల తరబడి ఎక్కువగా వాడితే ఈ రెండూ రక్తంలో పొటాషియం తగ్గిస్తాయి. పొటాషియం తగ్గితే దడ పెరుగుతుంది. డిగాక్సిన్ వాడేవారిలో అది విషంగా మారుతుంది.

ఆకుకూరలు: వీటిలోని కె విటమిన్ వార్ఫరిన్ ప్రభావాన్ని తగ్గిస్తుంది. అందుకని ఆకుకూరలు మానివేయమని కాదు. వానలు పడి తోటకూర, మెంతికూర, మునగాకు చవకైనపుడు రోజుకు రెండు పూటలా తిని, ఎండాకాలంలో అవి ప్రియమైనపుడు పూర్తిగా మానితే మందు మోతాదు అటూ ఇటూ అవుతుంది. ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే కొలతలో తినాలి. ఐ.ఎన్.ఆర్. అనే రక్తపరీక్ష సాధారణంగా 2 నుండి 3 నడుమ ఉండేట్లు చూసుకోవాలి.

వెల్లుల్లి, అల్లం, పసుపు: కూరలో వేసుకునే కొలతలో ఇబ్బంది లేదు. పచ్చి వెల్లుల్లి గుప్పెడు నమలడం, పసుపు గుళికలు మ్రింగడం వంటివి రక్తస్రావానికి దారితీయవచ్చు. మోకాళ్ళ నొప్పులకు మందుల అంగడిలో కొనే డైక్లోఫెనాక్ వంటి మాత్రలు అంతకన్నా ప్రమాదం.

వేసవి: మన ఎండలకు చెమట, విరేచనాలు ఎక్కువైతే ఒంట్లో నీరు, లవణాలు తగ్గి దడ రేగుతుంది. పలుచని మజ్జిగ, రాగి అంబలి మంచివి. ఉప్పు మాత్రం తక్కువ వేయాలి. గుండె బలహీనత, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఎంత నీరు త్రాగాలో, కొబ్బరినీళ్ళు త్రాగవచ్చునో లేదో వైద్యుని అడగాలి.

పథ్యం: వంటింటి నిజమైన బలం ఇక్కడ ఉన్నది. జొన్నరొట్టె, కొర్రన్నం, పప్పు, కూరగాయలతో కూడిన మితాహారం బరువు, మధుమేహం, రక్తపోటు మూడింటినీ అదుపులో ఉంచుతుంది. ఊరగాయలు, అప్పడాలు తగ్గించాలి. మద్యం ఈ రోగానికి ప్రత్యక్ష శత్రువు. మానినవారిలో దడలు తగ్గినట్లు పరిశోధనలు చెబుతున్నాయి. నిద్రలో గట్టిగా గురక పెట్టి ఊపిరి ఆగేవారు, థైరాయిడ్ దోషం ఉన్నవారు వాటికి కూడా చికిత్స చేయించుకోవాలి.

ఇంటివారు చేయవలసినవి

నెలకొకసారి ఇంట్లోని పెద్దల నాడి చూడడం అలవాటు చేసుకోవాలి. బొటనవ్రేలి మొదలుకు దిగువన మూడు వ్రేళ్ళు ఆనించి, పూర్తిగా ఒక నిమిషం లెక్కించాలి. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేస్తే, క్రమం లేని నాడిలో లెక్క తప్పుతుంది. అంకెకన్నా వరుస ముఖ్యం. అప్పుడప్పుడు ఒక్క దెబ్బ తప్పడం చాలామందిలో ఉంటుంది. ఎక్కడా వరుస దొరకకుండా కొట్టుకుంటే అనుమానించి ఇ.సి.జి. తీయించాలి.

దడ వచ్చినపుడు అది తగ్గేవరకు వేచి ఉండక, ఉన్నపుడే దగ్గరలోని ఆసుపత్రికి వెళ్ళి ఇ.సి.జి. తీయించాలి. తగ్గిన తరువాత తీసినది మామూలుగానే ఉండవచ్చు. దడ వేళ తీసిన ఆ ఒక్క కాగితం భద్రపరచుకుని, ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా చూపాలి. మొదలైన తేదీ, గంట ఒక పుస్తకంలో వ్రాసి ఉంచాలి.

పిల్లలకు జ్వరంతో కూడిన గొంతునొప్పి వస్తే ఉప్పునీటి పుక్కిలింతతో సరిపెట్టక వైద్యునికి చూపాలి. కీళ్ళవాత జ్వరం వచ్చిన పిల్లలకు మూడు నాలుగు వారాలకొకసారి ఇచ్చే పెన్సిలిన్ సూదిమందు, వైద్యుడు చెప్పినన్ని సంవత్సరాలు తప్పకుండా వేయించాలి.

మూతి వంకర పోవడం, ఒక చేయి లేక కాలు పట్టు తప్పడం, మాట తడబడడం, వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ముక్కులో పసరు పిండడం, నూనె మర్దనలు, ఊరి వైద్యాలు ఆ వేళ కూడవు. గడ్డను కరిగించే సూదిమందు నాలుగున్నర గంటలలోపే పనిచేస్తుంది. అదైనా తగినవారికే ఇస్తారు. తలకు పరీక్ష జరగనిదే అది గడ్డో, రక్తస్రావమో తెలియదు. గడ్డకట్టకుండా వాడుతున్న మందు పేరు అక్కడి వైద్యునికి తప్పక చెప్పాలి.

దడ తగ్గిన మరునాడు ఒంట్లో బాగుందని మాత్రలు మానివేసేవారు ఎందరో ఉన్నారు. ఆ మాత్ర దడ కోసం ఇచ్చినది కాదు, రాబోయే పక్షవాతాన్ని ఆపడానికి ఇచ్చినది. హృదయంలో పుట్టిన కీడు శిరస్సుకు చేరకుండా కాచే కావలి అదే. కనుక వచ్చిపోయే రకమైనా, శాశ్వతమైన రకమైనా, వైద్యుడు చెప్పనిదే ఆ కావలిని తొలగించరాదని పాఠకులు గమనించగలరు.